యార్క్‌టన్ నుంచి నేరుగా ఇంటికి

నూనె వాసన వేళ్ళను వదలడం లేదు. దుకాణంలో తుపాకీని పట్టుకున్నది రెండు నిమిషాలు కూడా కాదు. ఇనుము మీద చెక్కిన అంకెలూ కాగితం మీదున్న అంకెలూ ఒకటేనా అని చూసుకోవడానికి మాత్రమే చేతిలోకి తీసుకున్నాడు. అయినా ఆ వాసన స్టీరింగుకు పాకింది, అక్కణ్ణుంచి కాఫీ కప్పుకు, కప్పు నుంచి పెదవులకు. ఎలై మకోర్టాఫ్ ఒక్క గుక్క కాఫీ తాగి, మింగలేక, మళ్ళీ కప్పులోకే వదిలేశాడు. ఛీ అనుకున్నాడు. యాభై ఆరేళ్ళ మనిషి కాఫీని కప్పులోకి ఉమ్మడమేమిటి, ఆ కప్పును మళ్ళీ పక్కనే జాగ్రత్తగా పెట్టుకోవడమేమిటి. యార్క్‌టన్ ఊరు వెనకబడింది. కోత అయిపోయిన పొలాల్లో మంచుబాతులు వేలకు వేలు వాలి, ఒక్కసారిగా లేచి, మళ్ళీ అక్కడే వాలుతున్నాయి. వాటికి ఎక్కడికి పోవాలో తెలుసు, ఎప్పుడు బయల్దేరాలో తెలియదు. అతనికి బయల్దేరడం అయిపోయింది. ఎక్కడికన్నది జేబులో కాగితం మీద రాసే ఉంది: దుకాణం నుంచి నివాసానికి, సహేతుకమైన మేరకు నేరుగా ఉండే దారిలో. ఇవాళ ఒక్కరోజుకే. తొమ్మిదో నంబరు రోడ్డు మీద కనోరా దాకా, అక్కడ కుడికి తిరిగి ఐదో నంబరు మీద వెరిగిన్ మీదుగా కామ్‌సాక్. గంట ప్రయాణం. ఆ గంటలో, వెరిగిన్ రాకముందు, ఎడమవైపుకి ఒక కంకర రోడ్డు చీలుతుంది. దాని మీద మూడు మైళ్ళు పోతే లూషా ఇల్లు. లూషా అతని భార్య, అంటే ఏడాదిన్నర కిందటి దాకా. ఆ మలుపు దగ్గర తను తిరగడని ఎలై పొద్దుట్నుంచి తనకు తాను చెప్పుకుంటున్నాడు. తిరగనివాడు అన్నిసార్లు చెప్పుకోడని కూడా అతనికి తెలుసు.

సొంత ట్రక్కు వదిలేసి ఈ పాత బ్యూక్ కారు తెచ్చింది కూడా రూలు కోసమే. ట్రక్కుకు డిక్కీ లేదు. తూటాలు లేకుండా, తుపాకీ ట్రిగ్గరుకు తాళం వేసి, లోపలేముందో కనబడని పెట్టెలో పెట్టి, పెట్టెకు మళ్ళీ తాళం వేసి, ఆ పెట్టెను డిక్కీలో పెట్టాలి. అన్నీ అలాగే చేశాడు. మొత్తం మూడు తాళాలు. జేబులో మూడు కాగితాలు: లైసెన్సు, రిజిస్ట్రేషను, రవాణా అనుమతి. జీవితంలో ఏ పనీ ఇంత శుద్ధంగా చేయలేదు, పెళ్ళి కూడా. అదే రోతగా ఉంది. తప్పు చేస్తున్నప్పుడు మనిషి ఇంత శుభ్రంగా ఉండగలడని అతను ఎప్పుడూ అనుకోలేదు. అయినా తప్పేమిటి? చట్టం ఒప్పుకుంది, షూటింగ్ క్లబ్బు ఒప్పుకుంది, లైసెన్సు ఆఫీసు ఒప్పుకుంది. దుకాణం డ్వేన్ అయితే పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, కింది పెదవికి పొట్టు అంటుకుని ఉండగానే, ఫోనులో లైసెన్సు ఆఫీసుకు అతని పేరు చదివి, ఫోను పెట్టేసి పళ్ళన్నీ బయటపెట్టాడు.

"మకోర్టాఫ్! మీవాళ్ళే కదూ తుపాకులన్నీ కుప్పపోసి తగలబెట్టింది? స్కూల్లో చెప్పారు మాకు."

"మా ముత్తాతలు."

"నువ్వు మాత్రం కొంటున్నావు. పోన్లే బాబూ, ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. మొదటిదా?"

"మొదటిదే."

"మొదటిది పెళ్ళాం లాంటిది. తర్వాత ఎన్నొచ్చినా దాని బరువే చేతికి గుర్తుంటుంది." అని ఒక పొట్టు గాజుబల్ల మీద ఉమ్మి, చేత్తో తుడిచి, అదే చేత్తో పెట్టె మూత తెరిచాడు.

ఎలై కూడా నవ్వాడు. అది తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. వాడి మాటకు కాదు, తను నవ్వినందుకు. ఆయుధం పట్టడం పాపమన్న ముత్తాతల్ని చక్రవర్తి గుర్రపు సైనికులు, కాసాక్కులు, కొరడాలతో కొట్టారు, ఒంటి మీద చర్మం లేచిపోయేలా కొట్టారు, వాళ్ళు మంట చుట్టూ నిలబడి పాడుతూనే ఉన్నారు. చిన్నప్పుడు నాయనమ్మ ఆ పాట పాడేటప్పుడు కళ్ళు మూసుకునేది, మెడ మీద నరాలు తాళ్ళలా లేచేవి. జూన్ ఆఖర్లో, ఆ తుపాకుల మంటను తలుచుకునే పీటర్ రోజున, ప్రార్థన ఇంట్లో ఆడవాళ్ళు ఒకవైపు మగవాళ్ళు ఒకవైపు, మధ్యన బల్ల మీద రొట్టె, ఉప్పు, నీళ్ళ కూజా. తనకు ఆకలి, చెమట, పక్కనున్న ముసలాయన కోటులోంచి కలరా ఉండల వాసన. అంత గొప్ప సంగతి పాడుతుంటే తను రొట్టె వంక చూసేవాడు. అప్పుడు కూడా తన మీద తనకు ఇలాగే రోత కలిగేది. ఈ ఏడు లైసెన్సు కార్డు పోస్టులో వచ్చింది సరిగ్గా ఆ వారమే. కార్డు మీద తన ఫోటో చూసుకున్నాడు. ఏ మచ్చా లేని, ఎవరికీ గుర్తుండని ముఖం. పోస్టాఫీసులో కవరు ఇచ్చినామె ముప్పై ఏళ్ళుగా తెలుసు. ఇచ్చేముందు పేరేమిటని అడిగింది.

అందరూ అలాగే అడుగుతారు. గ్రేడరు నడిపేవాడి ముఖం ఎవరు చూస్తారు? ఇరవై ఎనిమిదేళ్ళుగా మునిసిపాలిటీ పసుపుపచ్చ యంత్రమెక్కి కంకర రోడ్లు చదును చేస్తున్నాడు. జనానికి యంత్రం కనబడుతుంది, చెయ్యెత్తుతారు, అది యంత్రానికే. రోడ్డు మీద గుంట పడితే అతని పేరు తలుస్తారు, రోడ్డు బాగుంటే ఎవరూ ఏమీ తలవరు. ఈ మాట ఒకసారి లూషాతో అంటే, ఆమె ఓట్సు జావ కలుపుతూ, తల తిప్పకుండానే, "మరి బాగున్న రోడ్డు గురించి ఏమనాలి?" అంది. ఆమె తప్పేమీ లేదు. ఆమె దేనికీ తల తిప్పలేదు, అంతే. పోయిన ఏడాది మార్చిలో ఒకరోజు భోజనం దగ్గర, కోపం లేకుండా, ఉప్పు అందించమన్నంత మామూలుగా అంది: "నువ్వు పక్కనుంటే గదిలో ఎవరూ లేనట్టే ఉంటుంది ఎలై. అలా ఉండటం కన్నా నిజంగానే ఎవరూ లేకుండా ఉందామనిపిస్తోంది." అతను ఉప్పు అందించాడు. ఆ వారమే కామ్‌సాక్‌లో రెండు గదుల అద్దె ఇంటికి మారాడు. అరవలేదు, ఏడవలేదు. సామాను మోస్తూ తలుపు చెక్కకు గీత పడకుండా చూసుకున్నాడు.

కనోరా వచ్చింది. కుడికి తిరిగాడు. ధాన్యం గోదాముల మీద పావురాలు. ఈ ఊరి స్కూల్లోనే పోయిన ఫిబ్రవరిలో తుపాకీ లైసెన్సుకు రెండు రోజుల క్లాసు. గ్రేడరు షెడ్డు కుర్రాళ్ళు వెళ్తున్నారు, ఖాళీగా ఉన్నానని తనూ వెళ్ళాడు, కారణం అంతకన్నా లేదు. నారింజరంగు ఉత్తుత్తి తూటాలు, గొట్టాన్ని ఎవరివైపూ తిప్పకుండా పట్టుకోవడం, తూటా పెట్టే గది ఖాళీగా ఉందని కళ్ళతో చూసి వేలితో తడిమి చెప్పడం. మాస్టారు పిలిచి, "చూడండి, మకోర్టాఫ్ చేతులు చూడండి, ఎంత నిబ్బరంగా ఉన్నాయో" అన్నాడు. పదిహేనుమంది తల తిప్పి అతని చేతుల వంక చూశారు. ఆ క్షణం తన ఒంట్లో ఏదో తీయగా కరిగింది, పెద్దవాళ్ళు మెచ్చుకుంటే పసివాడికి కరిగినట్టు. ఎంత చవగ్గా దొరికిపోయాడు! ఒక్క మెప్పుకు, పదిహేను జతల కళ్ళకు, మూడు తరాల పాటను అమ్ముకున్నాడు. అమ్ముకున్నానన్న స్పృహ కూడా లేకుండా, ఇంటికొచ్చి గుడ్డు వేయించుకు తిని పడుకున్నాడు.

తర్వాత దరఖాస్తు. అందులో ఒక ప్రశ్న: గత రెండేళ్ళలో విడాకులు, ఎడబాటు, సన్నిహిత సంబంధం తెగిపోవడం జరిగాయా? ఔను అని గీత పెట్టాడు. పెడితే, విడిపోయిన మనిషి కూడా సంతకం చేయాలి, తనకు తెలుసునని. చేయకపోతే ఆఫీసే ఆమెకు తెలియజేస్తుంది. ఆ గడి చూసినప్పుడు అతనికి భయం వేయాలి, సిగ్గు వేయాలి. వేయలేదు. ఉత్సాహం పుట్టింది. ఆ కాగితం పట్టుకుని, గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని లూషా ఇంటికి వెళ్ళాడు. ఇప్పుడు ఆ చొక్కా గుర్తొచ్చి ఒళ్ళు గగుర్పొడిచింది. పెళ్ళిచూపులకు వెళ్ళినట్టు వెళ్ళాడు! లూషా కాగితం అటూ ఇటూ తిప్పి చదివింది, వెనకనున్న నిబంధనలతో సహా. ఆమె ఏ కాగితమైనా పూర్తిగా చదువుతుంది. చదువుతున్నంతసేపూ అతను ఆమె కనురెప్పల్నే చూశాడు. ఒక్క వణుకు, ఒక్క ప్రశ్న, "ఎందుకు నీకిది?" అన్న ఒక్క మాట. ఆమె చెంచా పక్కన పెట్టి సంతకం చేసి, "నీకు కాలక్షేపం కావాలి, నిజమే. కర్లింగ్ ఆడొచ్చు కదా, మంచు మీద రాళ్ళు జార్చే ఆట, నలుగురూ ఉంటారు" అంది. నెల తర్వాత ఆఫీసు నుంచి ఆమెకు ఫోను వచ్చింది. ఆ సంగతి ఆమే అతనికి ఫోన్ చేసి నవ్వుతూ చెప్పింది. "నీ వల్ల నాకు భయమేమైనా ఉందా అని అడిగింది పాపం ఆ పిల్ల, ఎంత మర్యాదగా అడిగిందో! ఎలై వల్లనా? అన్నాను. అమ్మా, ఎలుకల బోనులో పడ్డ, పంట తినే గోఫర్ ఉడతని పొలం గట్టుదాకా మోసుకెళ్ళి వదిలేసి వస్తాడమ్మా అన్నాను. పిల్ల కూడా నవ్వింది. నవ్వకూడదేమో వాళ్ళు, కానీ నవ్వింది."

ఇద్దరాడవాళ్ళు ఫోనులో నవ్వారు. ఆ నవ్వు లేకపోతే అతను అక్కడితో ఆగేవాడు. ఆగేవాడా? ఏమో. ఆ తర్వాత క్లబ్బులో చేరాడు. దేనికి అని అడిగితే గురి అభ్యాసానికి అన్నాడు, దుకాణంలోనూ అదే అన్నాడు, అబద్ధమూ కాదు. ఒక గురి ఉంది. లూషాను ఏదో చేయాలని కాదు. ఆ ఊహ నీడ కూడా అతనిలో లేదు, తనను తాను ఎన్నిసార్లు తవ్వుకున్నా లేదు. తవ్వితే బయటపడేది అంతకన్నా చిన్నది, అంతకన్నా జుగుప్సగా ఉండేది. ఒక్కసారి, ఒక్క రెప్పపాటు, ఆమె తన వంక భయంగా చూడాలి. అంతే. గదిలో ఎవరో ఉన్నారని ఆమెకు తెలియాలి. తర్వాత క్షమించమంటాడు. తర్వాత ఏమైనా చేస్తాడు. రాయి ఎత్తితే కింద తెల్లగా మెదిలే పురుగులా ఉంది ఆ కోరిక. దానికి కళ్ళు లేవు, తిండి మాత్రం కావాలి. ఎనిమిది నెలలు దానికి కాగితాలు మేపాడు, రాజముద్రలున్న కాగితాలు, ఒక్క అక్షరం తప్పు లేకుండా.

మలుపు దగ్గర బోర్డుకు ఎవరో తుపాకీ పేల్చిన చిల్లులు అలాగే ఉన్నాయి. నేరుగా, అనుకున్నాడు. నేరు దారంటే ఏమిటో ఈ జిల్లాలో తనకన్నా ఎవరికి తెలుసు, ఇక్కడి రోడ్లన్నీ పలక మీద గీసిన గళ్ళలాంటివి, మైలుకొక గీత, వంకరనేదే లేదు. ఏ గీత మీద వెళ్ళినా నేరుగానే ఉంటుంది. ఆ వాదన ఎంత కుళ్ళిందో తెలుస్తూనే ఉంది, తెలుస్తుండగానే చేతులు ఎడమకు తిప్పాయి. అవే చేతులు, మాస్టారు మెచ్చుకున్నవి, ఇప్పుడూ వణకలేదు. టైర్ల కింద కంకర పలికింది. మంగళవారమే ఈ రోడ్డు చదును చేశాడు. లూషా ఇంటి వాకిలి ముందుకొచ్చేసరికి ప్రతిసారీ బ్లేడు పైకెత్తుతాడు, కంకర గట్టు ఆమె కారుకు అడ్డం పడకుండా. ఆ సంగతి ఆమెకు తెలియదు. పడని గట్టును ఎవరు చూస్తారు?

లూషా గరాజు ముందు ఊడుస్తోంది. కారును గుర్తుపట్టి చీపురు గోడకు ఆనించింది.

"ఏంటి, దారి తప్పావా? ఓహో, బ్యూక్ తెచ్చావే! బతికించావు. దీని చలికాలం టైర్లు ఇక్కడే పడున్నాయి ఏడాదిన్నరగా. వాటి మధ్యలో పిల్లి ఈనింది కూడా తెలుసా? పట్టుకుపో నాయనా, నా కారు పట్టడం లేదు."

"ఇంకోసారి తీసుకెళ్తాలే."

"నీ ఇంకోసారులన్నీ పేర్చితే ఇంకో గరాజు కట్టాలి. ఉండు." అంటూనే లోపలికి వెళ్ళి ఒక టైరు దొర్లించుకుంటూ వచ్చింది. అలా చేతి ఒడుపుతో దొర్లించడం ఆమెకు చిన్నప్పట్నుంచీ వచ్చు. టైరును కారు వెనక నిలబెట్టి, ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో డిక్కీ మీద తట్టింది. "తియ్యి."

ఎలై కదల్లేదు. తాళంచెవి గుప్పిట్లో ఉంది.

"తాళం పట్టేసిందా?"

"లేదు. ఇవాళ దాంట్లో పెట్టలేను."

"ఏం, శవాన్ని దాచావా?" అని నవ్వింది. అదే నవ్వు, ఫోనులో విన్నది. ఆ నవ్వు మధ్యలో ఆగింది. ఆమె అతని గుప్పిట వంక, చొక్కా జేబులోంచి పైకి కనబడుతున్న మడత కాగితాల వంక చూసింది. "అది తెచ్చుకున్నది ఇవాళేనా?"

"ఇవాళే. యార్క్‌టన్ నుంచి. ఇంటికెళ్తూ."

"నీ ఇల్లు కామ్‌సాక్‌లో కదా, ఎలై."

గట్టిగా అనలేదు. టైరు మీద నుంచి ఆమె చెయ్యి జారింది. టైరు రెండడుగులు దొర్లి, ఊగి, పక్కకు పడిపోయింది. దాని వంక ఆమె చూడలేదు. అతని వంకా చూడలేదు. వంటింటి తలుపు వంక చూసింది, మళ్ళీ తన కాళ్ళ వంక, మళ్ళీ తలుపు వంక. రోజంతా దూరాలు కొలిచే మనిషికి ఆ చూపు ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె అడుగులు లెక్కపెడుతోంది. తర్వాత అతని వైపు తిరిగి, పెదవులు సాగదీసి, మెత్తటి గొంతుతో, "టీ తాగుతావా? పొద్దున ఆపిల్ పై చేశాను. బయటే కూర్చో, నేను తెస్తాను" అంది.

ముప్పై ఏళ్ళలో ఆమె ఎప్పుడూ అలా అడగలేదు. కావాలంటే పెట్టుకో, నాకూ ఒకటి పెట్టు అనేది. ఇది కట్టు తెంచుకున్న ఎద్దుతో మాట్లాడే గొంతు. గదిలో మనిషి ఉన్నాడు, ఆమె చూసింది, అతను కోరుకున్న భయం వచ్చేసింది, అడిగినంతా వచ్చేసింది. దాని రంగు ఇదన్నమాట. ఆమె పెదవుల చుట్టూ తెలుపు, మెడ మీద ఎగిరే ఒక నరం, ఏప్రను కింద దాచుకున్న చేతులు. తను ఎనిమిది నెలలు మేపిన పురుగు ఆ ముఖం మీద పాకుతోంది, పాకుతుంటే దానికి ఇంకా ఆకలిగానే ఉంది. అది భరించలేకపోయాడు. నోట్లోకి చేదునీళ్ళు ఊరాయి. వంగి, కంకర మీద ఉమ్మాడు. అతను వంగగానే ఆమె ఒకడుగు వెనక్కి వేసింది.

"నాకు టీ వద్దు" అన్నాడు. "నువ్వు లోపలికెళ్ళు. తలుపు వేసుకో. పోలీసులకి ఫోన్ చెయ్యి లూషా. రిజిస్టరు చేసిన పిస్తోలుతో దారి తప్పి వచ్చాడని చెప్పు. పెట్టెలోనే ఉంది, తాళాలేసి ఉంది. తాళంచెవులు ఇవిగో." గుత్తిని చేతికందనంత దూరం, చీపురు దగ్గరికి, విసిరాడు. "వాళ్ళొచ్చేదాకా నేను ఇక్కడే కూర్చుంటాను. నీకు కనబడేట్టే కూర్చుంటాను."

"ఎలై, నువ్వు..."

"వెళ్ళు."

ఆమె అతనికి వీపు చూపించకుండా, పక్కపక్కగా నడిచి, మెట్లు తడుముకుంటూ ఎక్కింది. తలుపు పడింది. ఎలై పడిపోయిన టైరు మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద, అరచేతులు పైకి పెట్టుకున్నాడు. లోపల ఇనుము మీద ఇనుము గీరుకుంటున్న చప్పుడు. పెళ్ళైన మొదటి ఏడు గాలికి తలుపు కొట్టుకుంటోందని తనే బిగించిన గొళ్ళెం అది. తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ఈ చుట్టుపక్కల తలుపులు బిగించుకునేవాళ్ళు లేరు. ఇన్నేళ్ళలో తలుపు కిందికి జారి ఉంటుంది, కమ్మీ కన్నంలోకి ఎక్కదు. ఒకసారి తోసింది, రెండుసార్లు, మూడుసార్లు. తోసిన కొద్దీ ఆమె ఊపిరి బయటికి వినబడుతోంది. అతను లేవబోయి, తమాయించుకుని, ఉన్నచోటి నుంచే అరిచాడు.

"తలుపును కాస్త పైకెత్తి తొయ్యి, లూషా. భుజంతో ఎత్తు."

లోపల చప్పుడు ఆగింది. తర్వాత గొళ్ళెం పడింది.